పనిముట్లకు పటం కట్టించిన డిడెరో

ప్రతి ఏటా మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితం రాయడం ఆనవాయితీ. అంబేద్కర్, ఫూలే, జాషువా, భాగ్యరెడ్డి వర్మల గురించి మా సీనియర్లు రాసినవి చదువుతూ మేము పెరిగాం. ఈసారి ఆ అవకాశం మాకు వచ్చింది. మేము ఎంచుకున్న పేరు మీలో చాలామందికి పోటీ పరీక్షల పుస్తకాల్లో తగిలే ఉంటుంది. ఫ్రెంచి ఎన్‌సైక్లోపీడియా సంపాదకుడు ఎవరు? జవాబు డిడెరో. ఒక మార్కు. ఆ ఒక్క మార్కు వెనుక ఉన్న మనిషి గురించే ఈ వ్యాసం.

ఆయనే ఎందుకు?

పోయిన సంవత్సరం మియాపూర్ నుంచి హైటెక్ సిటీ వైపు ఒక కార్యాలయానికి ఉద్యోగం ఇంటర్వ్యూకు వెళ్లాం. పిలుపు వచ్చేదాకా కూర్చోబెట్టిన చోట గోడమీద పాతకాలపు బొమ్మలు వరుసగా అద్దాల పటాల్లో వేలాడుతున్నాయి. అన్నీ నలుపు తెలుపు గీతల బొమ్మలే. కొలిమి, మగ్గం, వడ్రంగి బల్ల. చివరి పటంలో చెప్పులు కుట్టే అంగడి ఉంది. పైభాగంలో మనుషులు పనిచేస్తున్నారు. కింది భాగంలో వారి పనిముట్లు విడివిడిగా గీసి ఉన్నాయి. కింద ఉన్న భాష మాకు రాదు. అయినా ఆరెను, రంపెను, కాలి అచ్చును గుర్తుపట్టడానికి మాకు ఏ భాషా అక్కర్లేకపోయింది. అవి మా ఇంట్లో చూరు కింద సంచిలో ఉండే వస్తువులే.

అప్పుడు మా ఒడిలో ఒక దరఖాస్తు ఉంది. తండ్రి వృత్తి అన్న గడిలో మేము వ్యవసాయం అని రాశాం. మాకు గుంట భూమి కూడా లేదు. మా తాత లంద దగ్గర తోళ్లు ఊనినవాడు. మా నాన్న చెప్పులు కుట్టి, చేతిలో పని లేని రోజుల్లో కూలికి పోయి మమ్మల్ని చదివించినవాడు. మేము కాగితం మీద దాచిపెట్టిన పనిముట్లను ఎవరో పటం కట్టించి గోడకు తగిలించారు. ఆ ఉద్యోగం మాకు రాలేదు, అది వేరే సంగతి. ఆ బొమ్మలు వేయించింది ఎవరో తెలుసుకోవాలని హాస్టల్‌కు తిరిగి వచ్చిన రాత్రే వెతకడం మొదలుపెట్టాం. అలా దొరికిన మనిషి డెనీ డిడెరో.

పుట్టుక, ఇల్లు

డిడెరో 1713 అక్టోబర్ 5న ఫ్రాన్స్ తూర్పు భాగంలోని లాంగ్ర అనే చిన్న పట్టణంలో పుట్టాడు. ఆ ఊరు కత్తుల తయారీకి పేరు పొందింది. తండ్రి దీదియే డిడెరో కత్తులు చేసే పనివాడు. వైద్యులు వాడే సన్నని కత్తులు చేయడంలో ఆయనకు మంచి పేరుండేది. తల్లి ఆంజెలిక్ తోళ్లు ఊనే వారి ఇంటి ఆడపడుచు. అంటే అటు కొలిమి, ఇటు లంద. ప్రపంచానికి ఎన్‌సైక్లోపీడియా ఇచ్చిన మనిషి ఈ రెండింటి మధ్య పుట్టి పెరిగాడు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టవుతుంది. ఆ దేశంలో తోలుపని చేసేవారికి మన దగ్గర ఉన్నట్టు అంటరానితనం లేదు. వారికి సంఘాలుండేవి, ఊళ్లో పరపతి ఉండేది. డిడెరో తండ్రి పేదవాడు కూడా కాదు. కానీ చేతితో పనిచేసేవాడి కంటే పుస్తకం పట్టినవాడు, వాడి కంటే భూములున్న ప్రభువు గొప్ప అన్న మెట్లు అక్కడా ఉన్నాయి. కొడుకు ఆ మెట్లెక్కాలని తండ్రి కోరిక. అందుకే ఊళ్లోని జెసూట్ పాదిరీల బడిలో చేర్పించాడు. పిల్లవాడు చదువులో చురుకు. పన్నెండేళ్లు దాటగానే మతాచారం ప్రకారం తల గొరిగించి పాదిరీ కావడానికి మొదటి అడుగు వేయించారు. తర్వాత పై చదువుకు పారిస్ పంపారు. 1732లో అక్కడి విశ్వవిద్యాలయం నుంచి ఎం.ఏ. పట్టా పుచ్చుకున్నాడు. అప్పటికి ఆయనకు 19 ఏళ్లు ఇంకా నిండలేదు.

పారిస్‌లో ఆకలి రోజులు

పట్టా వచ్చాక ఏం చేయాలన్నది సమస్య. తండ్రి ఒక న్యాయవాది దగ్గర పనికి కుదిర్చాడు. అక్కడ డిడెరో చట్టం చదవకుండా గణితం, గ్రీకు, లాటిన్, ఇటాలియన్, ఇంగ్లీషు చదువుతూ కూర్చున్నాడు. వైద్యం, న్యాయం వంటి వృత్తుల్లో ఏదో ఒకటి తేల్చుకోమని అడిగితే ఏదీ వద్దన్నాడు. తండ్రి డబ్బు ఆపేశాడు.

ఆ తర్వాత దాదాపు పదేళ్లు ఆయన ఎలా బతికాడో చదువుతుంటే మన గదుల్లోని అన్నలే గుర్తొచ్చారు. పిల్లలకు లెక్కల ట్యూషన్లు చెప్పాడు. ఇతరుల కోసం మతప్రసంగాలు రాసిపెట్టి డబ్బు తీసుకున్నాడు. అనువాదాలు చేశాడు. తల్లి మాత్రం భర్తకు తెలియకుండా ఇంటి పనిమనిషి చేతికి కొంత డబ్బిచ్చి పంపేదని, ఆమె లాంగ్ర నుంచి పారిస్ దాకా కాలినడకన మూడుసార్లు వచ్చి ఇచ్చి వెళ్లిందని డిడెరో కూతురు తర్వాత రాసింది. అది దాదాపు 300 కిలోమీటర్ల దూరం. ఒక పండుగనాడు తిండి లేక ఆయన సొమ్మసిల్లితే ఇంటి యజమానురాలు ద్రాక్షసారాలో ముంచిన రొట్టె తినిపించిందట. చేతిలో ఉన్నంతవరకు అడిగిన వాడికి లేదనకూడదని ఆ రోజే నిర్ణయించుకున్నాడని కూడా కూతురే చెప్పింది.

1743లో ఆంత్వానెత్ షాంపియన్ అనే పేద యువతిని పెళ్లాడాలనుకున్నాడు. ఆమె, ఆమె తల్లి బట్టలు, లేసులు అమ్ముకుని బతికేవారు. ఒప్పుకోని తండ్రి కొడుకును ఒక మఠంలో బంధింపజేశాడు. డిడెరో అక్కడి నుంచి తప్పించుకుని పారిస్ చేరి రహస్యంగా పెళ్లి చేసుకున్నాడు. ఆ సంసారం సుఖంగా సాగలేదు. నలుగురు పిల్లలు పుడితే ఒక్క కూతురే బతికింది. ఆమెకు తన తల్లి పేరే పెట్టుకున్నాడు.

పెద్ద పని

లండన్‌లో 1728లో ఈఫ్రయిమ్ చేంబర్స్ అనే ఆయన రెండు సంపుటాల విజ్ఞాన నిఘంటువు వేశాడు. దాన్ని ఫ్రెంచిలోకి తెస్తే గిట్టుబాటవుతుందని లె బ్రెతోన్ అనే పారిస్ ప్రచురణకర్త అనుకున్నాడు. 1747లో ఆ పనికి డిడెరోనూ, గణిత శాస్త్రజ్ఞుడు దాలంబేర్‌నూ సంపాదకులుగా పెట్టుకున్నాడు. అనువాదంగా మొదలైన పని డిడెరో చేతిలో మరొకటి అయింది. ఉన్నదాన్ని తర్జుమా చేయడం కాదు, మనిషికి తెలిసినదంతా కొత్తగా ఒకచోట చేర్చాలనుకున్నాడు.

మనిషికి తెలిసినది అన్నప్పుడు ఆయన లెక్కలో వేదాంతులు, కవులు, వైద్యులు మాత్రమే లేరు. గాజు ఊదేవాడికి తెలిసినదీ జ్ఞానమే, తోలు ఊనేవాడికి తెలిసినదీ జ్ఞానమే. 1751లో వచ్చిన మొదటి సంపుటంలో కళ అన్న మాటకు తానే వ్యాసం రాశాడు. మనల్ని పోషించే చేతిపనులను చులకన చేసి, ఏ పనీ చేయనివారిని గౌరవించే సమాజాన్ని అందులో నిలదీశాడు. అది కొలిమి దగ్గర పెరిగిన కుర్రవాడు రాసిన వ్యాసం.

పనివాళ్ల దగ్గర శిష్యరికం

చేతిపనుల గురించి పుస్తకాల్లో దాదాపు ఏమీ లేదు. అందుకని డిడెరో పారిస్‌లో మంచి పనివాళ్ల దుకాణాలకు వెళ్లాడు. ప్రశ్నలు వేశాడు, వాళ్లు చెప్పింది రాసుకున్నాడు. అక్కడ ఆయనకు రెండు చిక్కులు ఎదురయ్యాయి. జీవితమంతా చేసిన పనినే అయినా మాటల్లో వివరంగా చెప్పగలిగిన వారు చాలా తక్కువ. చేతికి తెలిసింది నోటికి రాదు. రెండోది, ఒకే పనిముట్టుకు ఒక్కో దుకాణంలో ఒక్కో పేరు.

మొదటి చిక్కుకు ఆయన కనిపెట్టిన మందు తానే పని నేర్చుకోవడం. కొన్ని యంత్రాలను తెప్పించుకుని, విప్పించి, మళ్లీ బిగించి చూశాడు. మేజోళ్లు అల్లే యంత్రం ఆ కాలంలో అన్నిటికంటే చిక్కైన యంత్రాల్లో ఒకటి. దాని మీద వ్యాసం డిడెరో స్వయంగా రాశాడు. సూదులు ఎన్ని, ఏది ముందు కదులుతుంది, ఏది దారాన్ని పట్టి ఉంచుతుంది, అన్నీ వరుసగా చెప్పాడు. రెండో చిక్కుకు మందు బొమ్మలు. పేరు ఏదైనా వస్తువు కనబడితే గొడవ ఉండదు.

బొమ్మలు గీయడానికి గూసియే అనే చిత్రకారుడు దొరికాడు. అతడు కార్ఖానాలకు వెళ్లి, అక్కడే ఉండి, చూసి గీసేవాడు. మొత్తం బొమ్మల్లో 900కు పైగా ఒక్క అతని చేతివే. చెక్కేవాళ్లు వాటిని రాగి రేకుల మీద చెక్కితే, సిరా పూసి అచ్చు వేసేవారు.

ఆ బొమ్మలకు ఒక పద్ధతి ఉంది. పేజీ పైభాగంలో పనిచేసే చోటు. ఎవరు ఎక్కడ నిలబడతారు, వెలుగు ఎటునుంచి వస్తుంది, ఏ పని తర్వాత ఏ పని, అన్నీ ఒక్క చూపులో తెలుస్తాయి. కింది భాగంలో పనిముట్లు, వాటి భాగాలు, కోసి చూపిన లోపలి అమరిక. ప్రతిదానికీ ఒక అంకె, విడిగా ఆ అంకెకు వివరణ. గుండుసూది తయారీనే తీసుకోండి. తీగ లాగడం, తిన్నగా చేయడం, తుంచడం, మొన తీయడం, తల అతికించడం, ఇలా 18 పనులుగా విడగొట్టి చూపారు. 1776లో ఆడమ్ స్మిత్ తన అర్థశాస్త్ర గ్రంథం మొదట్లో శ్రమ విభజనకు ఇచ్చిన ఉదాహరణ కూడా ఈ గుండుసూదే, ఆ 18 పనులే. ఎం.బి.ఏ., బి.కాం. చదివే మన మిత్రులు ఆ పాఠం ఎక్కడినుంచి నడిచి వచ్చిందో ఒకసారి గుర్తుచేసుకోండి.

జైలు, నిషేధం, నమ్మకద్రోహం

ఈ పని సాఫీగా సాగలేదు. గుడ్డివారి జ్ఞానం గురించి రాసిన ఒక పుస్తకంలో దైవభక్తి లేదని 1749 జూలైలో డిడెరోను పట్టుకుని వాన్సెన్ కోటలో పెట్టారు. మూడు నెలలకు పైగా అక్కడే ఉన్నాడు. ఇకపై అలాంటివి రాయనని ఒప్పుకుంటేనే బయటికి వచ్చాడు. ఆ భయంతో తర్వాతి కాలంలో తన మంచి రచనలు అనేకం అచ్చుకివ్వకుండా పెట్టెలోనే ఉంచుకున్నాడు.

1752లో మొదటి రెండు సంపుటాలను రాజు నిషేధించాడు. అప్పుడు పుస్తకాల అనుమతి అధికారిగా ఉన్న మాల్‌జెర్బ్ వాటిని వెతికి పట్టుకోవాల్సినవాడే అయినా లోలోపల సాయం చేశాడు. పని మళ్లీ నడిచింది. 1758లో దాలంబేర్ విసిగిపోయి తప్పుకున్నాడు. 1759లో రాజు ఇచ్చిన అనుమతి పూర్తిగా రద్దయింది. పోపు కూడా నిషేధించాడు. అదే ఏడాది జూన్‌లో లాంగ్రలో తండ్రి చనిపోయాడు. చివరి చూపుకు డిడెరో వెళ్లలేకపోయాడు. డబ్బు ఆపేసినా, మఠంలో పెట్టించినా ఆ తండ్రిని ఆయన జీవితాంతం ప్రేమగా తలచుకున్నాడు.

చాలామంది వదిలి వెళ్లినా జోకూర్ అనే పెద్దమనిషి మాత్రం వదల్లేదు. గుమస్తాలను పెట్టుకుని, తన సొమ్ము ఖర్చుపెట్టి, ఒక్కడే సుమారు 17,000 వ్యాసాలు రాశాడు. మాటల సంపుటాలు రహస్యంగా అచ్చవుతుంటే, బొమ్మల సంపుటాలకు మాత్రం అనుమతి దొరికింది. మొదటి బొమ్మల సంపుటం 1762లో వచ్చింది.

1764లో మరో దెబ్బ తగిలింది. ఏదో వ్యాసం సరిచూసుకుంటుంటే అందులో తాను రాసిన భాగం లేదు. తీరా చూస్తే ప్రచురణకర్త లె బ్రెతోన్ ప్రభుత్వానికి భయపడి, సంపాదకుడికి చెప్పకుండా చాలా వ్యాసాల్లో కోతలు పెట్టాడు. రాతప్రతులు కూడా మిగల్చలేదు. డిడెరో కోపంతో, దుఃఖంతో ఏడ్చాడంటారు. అయినా పని ఆపలేదు. మిగిలిన 10 సంపుటాలు 1765 చివర ఒకేసారి బయటికి వచ్చాయి. 1772 నాటికి 17 మాటల సంపుటాలు, 11 బొమ్మల సంపుటాలు పూర్తయ్యాయి. వ్యాసాలు 70,000కు పైగా, బొమ్మల పలకలు రెండున్నర వేలకు పైగా. 34వ ఏట ఎత్తుకున్న పని 59వ ఏట దించాడు.

ఆ బొమ్మల్లో లేనివి

మహనీయుల తప్పులు రాయకూడదని కొందరంటారు. మేము అలా అనుకోవడం లేదు. ఫ్రెంచి సైన్సు అకాడమీ అంతకుముందే రియోమ్యూర్ అనే శాస్త్రజ్ఞుడి పర్యవేక్షణలో చేతిపనుల బొమ్మలు వేయించి ఉంచింది. డిడెరో బృందం వాటిని దొరికించుకుని కొన్నింటిని వాడుకుందని 1759లో ఆరోపణ వచ్చింది. అందులో నిజం ఉంది. కొన్ని పలకలు వాటిని చూసి గీసినవే.

ఆ బొమ్మల్లో దుకాణాలు అద్దంలా ఉంటాయి. చెమట లేదు, పొగ లేదు, మురికి లేదు. లంద పక్కన పెరిగిన మాకు ఆ వాసన తెలుసు. సున్నం నీళ్లకు చేతులు ఎలా పగులుతాయో తెలుసు. అది బొమ్మలో రాలేదు. చెరుకు, పత్తి, నీలిమందు తోటల బొమ్మల్లో నల్లజాతి బానిసలు ప్రశాంతంగా పనిచేస్తున్నట్టు కనిపిస్తారు. కొరడా కనబడదు. తర్వాతి కాలంలో డిడెరో బానిసత్వానికి వ్యతిరేకంగా, యూరపు దేశాల వలసలకు వ్యతిరేకంగా ఘాటుగా రాశాడు. కానీ బొమ్మలు బొమ్మలుగానే ఉండిపోయాయి. పైగా పుస్తకం మొత్తం ఖరీదు 980 లీవ్రలు. ఏ చెప్పులు కుట్టేవాడి బొమ్మ అందులో ఉందో ఆ చెప్పులు కుట్టేవాడు దాన్ని కొనలేడు.

చివరి రోజులు

పాతికేళ్లు పనిచేసినా డిడెరో ధనవంతుడు కాలేదు. కూతురి పెళ్లి కట్నం కోసం తన పుస్తకాలు అమ్మకానికి పెట్టాడు. రష్యా రాణి కేథరిన్ 1765లో వాటిని 15,000 లీవ్రలకు కొని, ఆయన బతికున్నంతకాలం ఆయన దగ్గరే ఉంచి, వాటిని చూసుకునేందుకు జీతం కూడా ఏర్పాటు చేసింది. కృతజ్ఞత చెప్పడానికి 60 ఏళ్ల వయసులో సెయింట్ పీటర్స్‌బర్గ్ దాకా ప్రయాణించాడు. రాజ్యం ఎలా నడపాలో ఆమెకు ధైర్యంగా సలహాలిచ్చాడు. ఆమె ఓపికగా విన్నది కానీ ఆచరించలేదు.

1784 జూలై 31న పారిస్‌లో కన్నుమూశాడు. సెయింట్ రోష్ చర్చిలో సమాధి చేశారు. తర్వాత విప్లవ కాలంలో ఆ సమాధులు చెదిరిపోయాయి. ఆయన ఎముకలు ఏవో ఇప్పుడు ఎవరికీ తెలియదు.

మన దగ్గర

మన నేల మీద పనికి కొదవ లేదు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో కాచిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. వాయిసీ అనే ఇంగ్లీషు వైద్యుడు చూసి రాసిన ఆ ఉక్కు వివరం ఆయన చనిపోయాక 1832లో కలకత్తాలో అచ్చయింది. తెలుగులో విజ్ఞాన సర్వస్వానికి కొమర్రాజు లక్ష్మణరావు పూనుకున్నారు. మూడు సంపుటాలు తెచ్చి 1923లో 46 ఏళ్లకే వెళ్లిపోయారు. డిడెరో పనికి దగ్గరగా వచ్చింది మాత్రం ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశం. ఊరూరా తిరిగి పనివాళ్ల నోటిమాటలు సేకరించారు. 1962లో వ్యవసాయం, 1971లో చేనేత సంపుటాలు వచ్చాయి. ఒకే పనిముట్టుకు జిల్లాకో పేరు ఉండటం ఆయనా చూశారు.

మియాపూర్ చౌరస్తాలో పొద్దున్నే అడ్డా మీద నిలబడే వారిని మనం రోజూ చూస్తాం. తాపీ, గమేళా, రంపం చేత పట్టుకుని నిలబడతారు. బొల్లారం వైపు షెడ్లలో లేతు మీద పనిచేసేవారున్నారు. మెట్రో డిపో కట్టినవారున్నారు. వారిలో మన బాబాయిలు, మామయ్యలు ఉన్నారు. వాళ్లకు తెలిసినది ఎవరు రాసుకున్నారు?

ఈ వ్యాసం రాసేముందు సెలవులకు ఇంటికి వెళ్లాం. ఆ చెప్పుల అంగడి బొమ్మను ఫోనులో మా నాన్నకు చూపించాం. ఆయన బొమ్మను పెద్దది చేయమని, చాలాసేపు చూశాడు. దారానికి మైనం ఎక్కడ పెట్టుకున్నారని మొదట అడిగాడు. తర్వాత చూరు కింది సంచి దించి ఒక్కొక్కటే నేలమీద పరిచాడు. వాటిలో మూడింటి పేర్లు మేము అదే మొదటిసారి వినడం. తంగేడు చెక్క ఎప్పుడు కొట్టాలో, కరక్కాయ ఎంత కలపాలో తాత చెప్పినట్టుగా చెప్పాడు. మేము నోటుబుక్కులో రాసుకున్నాం, చేతనైనట్టు బొమ్మలు గీసుకున్నాం. ఇరవై మూడేళ్లలో ఆయన పని గురించి మేము ఆయన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదని ఆ సాయంత్రమే తెలిసింది.

తమ్ముళ్లారా, ఒక చిన్న మనవి. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు మీ ఇంటి పనిముట్లు ఒక పేజీలో గీయండి. పక్కన అంకె వేయండి, అంకెకు పేరు రాయండి. అమ్మనో నాన్ననో అడిగి ఏది ఎందుకో రాయండి. వచ్చే సంచికలో అవన్నీ ఒకచోట వేద్దామని సంపాదకవర్గాన్ని కోరుతున్నాం.

మొన్న ఇంకో ఉద్యోగానికి దరఖాస్తు నింపాం. తండ్రి వృత్తి అన్న గడిలో తోలుపని అని రాశాం.